గ్యారేజీకి ఎన్ని టన్నులు?

గ్యారేజీకి సరిపడా ఏసీ ఎంచుకోవడమంటే షాపుకెళ్లి కొనుక్కురావడమే అనుకునే అమాయకులు మీలో ఎవరైనా ఉంటే, వాళ్లను చూసి జాలిపడుతున్నాను. అది కొనే వస్తువు కాదు. ఆలోచించే వస్తువు! ఎంతకాలం ఆలోచిస్తే అంత మేలు. నమ్మరా? అయితే మా బావగారి సంగతి వినండి.

మా అక్క బట్టలు కుడుతుంది. ఇంటి గ్యారేజీలోనే మిషన్ వేసుకుని స్కూలు పిల్లల యూనిఫారాలు కుడుతుంది. పైన రేకులు, ముందు ఇనుప షట్టర్, మధ్యలో మా అక్క. వేసవిలో కత్తెర పట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. చలికాలంలో వేళ్లు కొంకర్లు పోయి సూదిలోకి దారం ఎక్కదు. "ఏవండీ, ఎండకీ చలికీ రెండిటికీ పనికొచ్చే ఏసీ ఉందటగా, ఒకటి పెట్టించండి" అని అడిగింది. ఇంకెవరైనా అయితే పెట్టించేసి చేతులు దులుపుకునేవారు. మా బావగారు అంత తొందరపాటు మనిషి కాదు.

"ముందు సైజు తేలాలి" అన్నారు.

అప్పటినుంచి తేలుస్తూనే ఉన్నారు! టేపు పెట్టి పొడవూ వెడల్పూ కొలిచారు. ఎత్తు మరిచిపోయానని నిచ్చెన తెచ్చారు. రేకుల మందం, షట్టర్ కింద సందు, పడమటి ఎండ ఏ మూలదాకా వస్తుందన్నదీ చూశారు. ఈ లెక్కలన్నీ ఎక్కడ కూర్చుని వేశారనుకున్నారు? బెడ్రూములో, ఏసీ కింద, దుప్పటి కప్పుకుని! బుర్ర చల్లగా ఉంటేనే కదా లెక్క కుదిరేది?

ఇంతలో చలికాలం వచ్చింది. చల్లబరచడానికి వేసిన లెక్క వెచ్చబరచడానికి పనికిరాదట. మళ్లీ మొదటికొచ్చారు.

ఆయన చెప్పేవాటిలో తప్పు పట్టడానికి ఏమీ ఉండదు, నా ఏడుపు అదే. "చిన్నది పెడితే పాపం రోజంతా రొప్పుతూనే ఉంటుందిరా. పెద్దది పెడితే చిటికెలో చల్లబరిచి ఆగిపోతుంది, గదిలో తేమ అలాగే ఉండిపోతుంది" అంటారు. ఇంకా కొననైనా కొనని ఏసీ రొప్పుతుందని ఎంత బెంగో చూడండి! మిషన్ దగ్గర రొప్పుతున్నది ఉట్టి మనిషే కాబట్టి దానికి అంత కంగారు అక్కర్లేదు.

అన్నిటికంటే గొప్ప ఆవిష్కరణ ఆ తర్వాత జరిగింది. గదిలో వేడి పుట్టించేవన్నీ లెక్కలో కలపాలట. బల్బు కలిపారు. ఇస్త్రీ పెట్టె కలిపారు. మిషన్ మోటారు కలిపారు. ఆ పైన మా అక్కను కలిపారు! "మనిషి ఒంట్లోంచి కూడా వేడి వస్తుందిరా, నీకు తెలీదు" అని నాకు జ్ఞానబోధ చేశారు. అంటే గ్యారేజీ ఉడికిపోతోందంటే కొంత తప్పు మా అక్కదేనన్నమాట! ఆవిడ గనక లేచి వెళ్లిపోతే కాస్త చిన్న ఏసీతోనే సరిపోతుందని కూడా తేల్చారు. ఇంత నిష్పక్షపాతంగా పెళ్లాం గురించి ఎవరైనా ఆలోచించగలరా?

మీరు చప్పట్లు కొట్టేముందు ఒక చిన్న విషయం చెప్పాలి. ఈ వేసవిలో తెల్ల చొక్కాల మీద అక్క చెమట పడి మరకలు కట్టాయి. స్కూలు మేడమ్ మూట మొత్తం తిప్పి పంపింది. "ఇంకోసారి ఇలా వస్తే పని వేరేవాళ్లకి ఇచ్చుకుంటామమ్మా" అందట. అక్క ఆ చొక్కాలన్నీ కూర్చుని మళ్లీ ఉతుకుతుంటే చూశాను.

నేను వెళ్లి బావగారికి చెబితే, "అందుకేగా నేను మొత్తుకునేది, కంగారుపడి తప్పు సైజు పెట్టకూడదని!" అన్నారు.

మర్నాడు ఆయన ఆఫీసు నుంచి వచ్చేసరికి కుట్టుమిషన్, ఇస్త్రీ బల్ల, యూనిఫారాల మూటలు అన్నీ బెడ్రూములో ఉన్నాయి. ఏసీ నడుస్తోంది. బావగారి మడతమంచం, దిండు, లాప్‌టాప్ గ్యారేజీలో పొందికగా సర్ది ఉన్నాయి. మోసింది నేనే.

"దగ్గరుండి చూసుకుంటే లెక్క ఇంకా బాగా కుదురుతుంది కదండీ" అంది అక్క, కుట్టడం ఆపకుండానే.

బావగారు పౌరుషంగా వెళ్లి లెక్కకు కూర్చున్నారు. కాసేపటికి చొక్కా విప్పారు. ఇంకాసేపటికి బనీను విప్పారు. ఆ తర్వాత షాపుకు ఫోన్ చేశారు. "ఏదుంటే అది పంపించు బాబూ! సైజుదేముందయ్యా, మేం సర్దుకుంటాం!"

పొద్దున్నే మనుషులొచ్చి ఏసీ బిగించి వెళ్లారు. గ్యారేజీ హాయిగా చల్లబడింది. బావగారు తేటపడిన మొహంతో బెడ్రూము తలుపు దగ్గరికొచ్చి, "ఇక నీ సామాను నీ చోటికి తెచ్చుకోవోయ్" అన్నారు.

"అమ్మో, అప్పుడే ఎలాగండీ?" అంది అక్క, పంటితో దారం కొరుకుతూ. "ఆ సైజు సరిపోయిందో లేదో ఒక వేసవీ ఒక చలికాలమూ చూడొద్దూ? మీరు అందులో పడుకుని చూస్తూ ఉండండి. తేలాక చెబుదురుగాని."