శావల్యాపురం మలుపులో విచారణ

మోటారు ఇన్‌స్పెక్టరు శేషగిరిరావు ఆ ఉదయం పెట్టుకున్న పని చిన్నదే. శావల్యాపురం మలుపులో మౌలాలీ బస్సు దానయ్య ఎడ్లబండిని ఎందుకు గుద్దిందో భోజనం వేళకు తేల్చాలి. ఇకమీదట భూమ్మీద ఏ బస్సూ ఏ బండినీ గుద్దకుండా చెయ్యాలి. మౌలాలీ లైసెన్సు అప్పటికే ఆయన జేబులో ఉంది.

యుద్ధం పుణ్యమా అని పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచే రోజులవి. ఆపితే పొయ్యి చల్లారిపోయేది. మళ్లీ రాజేసేలోపు బస్సులోని పిల్లలకు మీసాలొచ్చేవి. అందుకని మౌలాలీ బస్సు ఆపేవాడు కాదు, జనమే పరుగెత్తి ఎక్కేవారు. దానయ్య ఎడ్లకేమో నరసరావుపేట దారి కంఠతా వచ్చు. ఆయన బండెక్కి నిద్రపోయేవాడు.

"ఆ రోజు జరిగినట్టే జరగాలి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మౌలాలీ, ఆ రోజు ఆపావా?"

"లేదు సార్."

"ఇవాళా ఆపకు. బండి పక్కనుంచి పోనియ్. పొయ్యి చల్లారకుండా విసురుతూ ఉండు, నేను రుమాలు తియ్యగానే బయలుదేరు. ఆపావో, లైసెన్సు మర్చిపో!"

ఎదురుగా ఎవరూ రాకుండా తన కారును రోడ్డుకు అడ్డంగా పెట్టించాడు.

"నువ్వు నిద్రపోవోయ్, దానయ్యా!"

"పట్టపగలు ఎట్టా వస్తది దొరా? ఆ రోజంటే మా ఆడది రాత్రంతా సాధించింది."

"అయితే ఆవిణ్ణి పిలిచి సాధించమను!"

సర్కారే అడిగాక దానయ్య పెళ్లాం పిచ్చమ్మ లోటు చేస్తుందా? పెళ్లినాటి కోడికూర దగ్గర ఎత్తుకుంది. ఆ రాగం అలవాటే గనక, దానయ్య క్షణంలో గురక పెట్టాడు. ఎడ్లు కదిలాయి. వినే మొగుడు లేకపోయేసరికి పిచ్చమ్మ ఇన్‌స్పెక్టరు మీదికి తిరిగింది.

"ఏంది బాబూ, మొగుడూ పెళ్లాల తగువు నడిరోడ్డు మీద పెట్టించడానికేనా నువ్వు చదువుకుంది?"

ఆయనకు చెమటలు పట్టాయి. తుడుచుకోవడానికి రుమాలు తీశాడు.

మౌలాలీ బయలుదేరాడు. ఎడ్లు కారును చూసి, బుద్ధిగా పక్కకు దిగి, అవతల ఆగి గడ్డి మేశాయి. బస్సుకు అంత బుద్ధి లేదు.

"ఆపరా! ఆపు!"

"ఆపొద్దన్నారుగా సార్!"

కారు కాలవలో పడింది. బస్సు ఆగి, పొయ్యి చల్లారింది.

మౌలాలీ బస్సు దిగొచ్చాడు. "సార్, ఇప్పుడు తప్పెవరిదని తేలుస్తారు?"

కారును మలుపులో అడ్డం పెట్టిందెవరో, ఆపొద్దన్నదెవరో ఇన్‌స్పెక్టరుకు చప్పున గుర్తొచ్చింది.

"తప్పేంటి? అసలు ఇక్కడ ప్రమాదమెప్పుడు జరిగింది?" అని లైసెన్సు మౌలాలీ చేతిలో పెట్టాడు.

తిరుగు ప్రయాణానికి మిగిలింది దానయ్య బండే. నరసరావుపేట దాకా ఇద్దరూ నిద్రపోయారు, ప్రమాదమేమీ జరగలేదు.