నలభైమూడో నంబరు నవ్వలేదు

ఆ రోజు గిన్నెలత్త పెట్టుకున్న పని ఒక్కటే. పొద్దున్నే టీవీ ఆఫీసుకు వెళ్ళి, తన పాత టేపు ఒకటి అడిగి తెచ్చి, మనవరాలి ముందు పడేయాలి. టీవీలో సొంతంగా హాస్య కార్యక్రమం నడిపిన మొట్టమొదటి ఆడమనిషి ఆవిడ. పన్నెండు గిన్నెలు చేతిమీద దొంతరగా నిలబెట్టుకుని పోట్లాటకు దిగిందంటే ఊరంతా పనులు మానుకుని చూసేది. రికార్డింగు హాల్లో ముందు వరసలో కూర్చున్న మొగుడైతే నవ్వీ నవ్వీ తుమ్మేవాడు. నవ్వు ముదిరితే తుమ్మొచ్చే మనిషి. పోయి రెండేళ్ళయింది.

పదేళ్ళ మనవరాలు మాత్రం, "కోతలు కొయ్యకు అమ్మమ్మా, ఏదీ, చూపించు" అంటుంది.

గేటు దగ్గర కాపలావాడు ఏం పనని అడిగాడు. "నవ్వుల కార్యక్రమం సంగతి..." అందో లేదో, కూలికొచ్చి నవ్విపోయే జనం వరసలోకి తోసి, గుండెలమీద నలభైమూడో నంబరు అంటించాడు. వెనకవాళ్ళ తోపుకు వెళ్ళి కుర్చీలో పడింది.

వేదికమీదికి ఒక కుర్ర నటుడు గిన్నెల దొంతరతో వచ్చాడు. ఆవిడ గిన్నెలే, ఆవిడ నడకే. వస్తూనే అన్నీ ధబాలున పడేశాడు. నవ్వమని ఎర్రదీపం వెలగ్గానే కూలిజనమంతా పగలబడి నవ్వారు, ఒక్కరు తప్ప.

"నలభైమూడూ, నవ్వవేం? పళ్ళు లేవా?" అన్నాడు డైరెక్టరు.

"పళ్ళున్నాయి నాయనా, నవ్వే రాలేదు. ఆఖరి గిన్నె ఆగి ఆగి పడాలి. అన్నీ ఒకేసారి పడేస్తే అంట్లు తోముతున్నట్టుంది."

"కామెడీ గురించి నీకేం తెలుసమ్మా? బయటికి నడువు."

పోతూ పోతూ టేపుల గదిలోకి తల దూర్చి, తన పాత టేపు అడిగింది. గుమాస్తా బుర్ర గోక్కున్నాడు. "అప్పట్లో టేపులు చాలక, మీ వాటిమీద వాన కబుర్లు ఎక్కించేశామండీ. జనం నవ్వులు మాత్రం దాచాం. అంత నికార్సయిన నవ్వు ఇప్పుడు దొరకదు. ఎవరికి నవ్వు తక్కువైనా అవే అతికిస్తాం."

ఇంటికొచ్చాక మనవరాలు చెయ్యి చాపింది. "ఏదీ టేపు?"

"వానలో కొట్టుకుపోయింది."

"అనుకున్నాలే."

వారం తిరిగాక ఆ కార్యక్రమం వచ్చింది. కుర్రాడు గిన్నెలు పడేశాడు. హాలు హోరెత్తింది. ఆ హోరు చివర్న ఎవరో ఫెళ్ళున తుమ్మారు.

మనవరాలు లేచి నిలబడింది. "అమ్మమ్మా, అది తాతయ్య తుమ్ము."

"అవునే. నేను నవ్విస్తే వచ్చిన తుమ్ము."

ఆ రెండో ముక్క వినడానికి పిల్ల అక్కడ లేదు. "తాతయ్య టీవీలో చేశాడు" అని అరుచుకుంటూ వీధిలోకి పరిగెత్తింది.

మర్నాటినుంచి వీధిలో అందరికీ అది టీవీ నటుడి ఇల్లు. అందులో ఆయన భార్య ఉంటుంది.