రూపాయి పడితే హీరో లేచాడు

రూపాయి పడిపోతోందని దిగులుపడే పాఠకులకు ఒక మనవి. రూపాయి పడుతున్నంత కాలం తెలుగు సినిమాకు ఢోకా లేదు! ఏ ఏడాది డాలరుకు ఎన్ని రూపాయలు వచ్చేవో చెప్పే పట్టికలు ఆర్థికవేత్తల కోసమే పుట్టాయని మీరు అనుకుంటున్నారేమో. వాటిలో ఎన్ని స్క్రీన్‌ప్లేలు దాగి ఉన్నాయో కమలాకర్‌ని అడగండి.

కమలాకర్ యూసుఫ్‌గూడలో ఉండే రచయిత. ఇతరుల కథలకు మాటలు సర్ది సర్ది, సొంత కథ ఒక్కటైనా తెర మీద చూసుకోవాలని తపించినవాడు. ఆ సొంత కథ కూడా కల్పించింది కాదు. వాళ్ల నాన్న ఆదినారాయణది.

1985లో ఆయన విశాఖలో ఒక షిప్పింగ్ కంపెనీలో గుమాస్తా. విదేశం నుంచి మరో ఆదినారాయణకు రావలసిన పది లక్షల డాలర్లు, పేరు కలవడంతో ఈయనకు వచ్చిపడ్డాయి. బ్యాంకు వాళ్లు వచ్చి సంతకం పెట్టమని కబురు చేశారు. ఆయన వెళ్లి, అవి తనవి కావన్నాడు. అసలు మనిషి ఎవరో తేలేదాకా తనే తిరిగి, సొమ్ము అతనికి చేరాక ఇంటికొచ్చి కడుపునిండా అన్నం తిన్నాడు. కథ అంతే.

జూబ్లీ హిల్స్‌లో నిర్మాత త్రినాథరావు గారి ఆఫీసులో ఈ కథ విని, ఆయన భార్య లీలాకుమారి గారు కళ్లొత్తుకున్నారు. సినిమా ఓకే అయింది. 'మిలియన్ మాధవుడు' అని టైటిల్ రిజిస్టర్ చేయించి, పోస్టరు కూడా వదిలారు.

చిక్కల్లా దర్శకుడు రవిచంద్ర ఫోను తీసి 1985 నాటి డాలరు రేటు చూడడంతో వచ్చింది. పన్నెండు రూపాయల చిల్లర!

"అన్నా, మిలియన్ డాలర్లంటే కోటీ ఇరవై నాలుగు లక్షలేనా?" అన్నాడు రవిచంద్ర. "గింత దానికోసం నలుగురు విలన్లు ఎందుకొస్తరు? మనం కార్ పంపినా రారు."

త్రినాథరావు గారు నొచ్చుకున్నారు. "మా ఇంట్లో పాలరాయికే అంతకంటే ఎక్కువైందండీ. ఆ డబ్బు కోసం హీరో పరిగెడుతుంటే జనం నవ్వరూ?"

డాలర్లు పెంచుదామంటే టైటిల్‌లో మిలియన్ ఉంది. పోస్టరు ఊరంతా చూసేసింది. మరి పెంచడానికి వీలైనది ఇంకేముంది? సంవత్సరం!

కథ పదేళ్లు ముందుకు జరిగింది. 1995లో రేటు ముప్పై రెండు పైచిలుకు. ఎవరూ కుర్చీలోంచి లేవకుండానే సొమ్ము మూడు కోట్లు దాటింది. ఏ వ్యాపారంలో ఉందండీ ఈ లాభం?

కాకపోతే మూడు కోట్లు తిరిగిచ్చేముందు మనిషన్నవాడు కాస్త ఆలోచించడా అని త్రినాథరావు గారికి అనుమానం వచ్చింది. న్యాయమే. హీరో ఆలోచించడానికి ఒక పాట పెట్టారు. కమలాకర్ "సరేనండీ" అన్నాడు. పాటే కదా.

మూడు కోట్లూ నెల తిరిగేసరికి పాతబడ్డాయి. కథ 2013కి వచ్చింది. రేటు అరవైకి చేరింది, సొమ్ము ఆరు కోట్లయింది.

"ఆరు కోట్లూ ఇచ్చేస్తే చెల్లె ఆపరేషన్ ఎట్లన్నా?" అన్నాడు రవిచంద్ర.

అప్పటిదాకా హీరోకు చెల్లెలే లేదు. రూపాయి పడింది, చెల్లెలు పుట్టింది, పుట్టగానే జబ్బుపడింది. హీరో సగం ఉంచుకుని సగం తిరిగిచ్చాడు. సగం నిజాయితీ తక్కువా ఈ రోజుల్లో? కమలాకర్ మళ్లీ "సరేనండీ" అన్నాడు. ప్రతి మార్పూ చిన్నదే. కానీ రాస్తున్నప్పుడల్లా అతనికి నాన్న చొక్కాకి ఒక్కో గుండీ తనే తెంపుతున్నట్టు ఉండేది.

ఆఖరికి కథ ఈ ఏటికి వచ్చేసింది. డాలరు తొంభై దగ్గర తచ్చాడుతోంది. సొమ్ము ఇంచుమించు తొమ్మిది కోట్లు! ఇక తిరిగివ్వడం అన్న మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది. హీరో మొత్తం ఉంచుకున్నాడు. తన డబ్బు వెతుక్కుంటూ వచ్చిన పాపానికి అసలు మనిషి విలనయ్యాడు.

పూర్తి స్క్రిప్టు చదివే రోజున లీలాకుమారి గారు కూడా వచ్చి కూర్చున్నారు. చివరిదాకా విని, "కమలాకర్ గారూ, ఆయన డబ్బు వెనక్కిచ్చే సీను రాలేదేంటండీ?" అన్నారు.

"లీలా, అది పన్నెండు రూపాయల నాటి సీను," అన్నారు త్రినాథరావు గారు. "ఇప్పుడు రేటు వేరు."

ఆవిడ భర్త వైపు చూడలేదు. "అయితే తక్కువ కాబట్టే మీ నాన్నగారు ఇచ్చేశారాండీ?" అని కమలాకర్‌నే అడిగారు.

కమలాకర్ స్క్రిప్టు మూసేశాడు. "నాన్న అసలు రూపాయల్లో ఎంతవుతుందో చూసుకోలేదండీ."

"ఎందుకని?"

"లెక్కేసుకుని ఉంటే ఇవ్వబుద్ధయ్యేది కాదేమోరా, అనేవాడు."

రవిచంద్ర ఫోను బోర్లించాడు. త్రినాథరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. సినిమా మళ్లీ 1985కి వెళ్లబోతోందనుకుని కమలాకర్ పెన్ను తీశాడు.

"అద్భుతమైన మాటండీ," అన్నారు త్రినాథరావు గారు చివరికి. "దీన్ని వదలకూడదు."

వదల్లేదు. హీరోకు తెలివితక్కువ బాబాయిని ఒకణ్ణి పుట్టించి, ఆ పాత్రకు పేరున్న హాస్యనటుణ్ణి పెట్టి, ఆ మాట అతని చేత చెప్పించారు.

ఫిల్మ్‌నగర్‌లో ప్రివ్యూ వేశారు. సరిగ్గా ఆ మాట దగ్గర హాలంతా గొల్లున నవ్వింది. రచయిత నవ్వకపోతే బాగుండదని కమలాకర్ కూడా నవ్వాడు. ముందు వరసలో లీలాకుమారి గారు ఒక్కరే తల తిప్పి అతని కోసం వెతికారు. అతను చూపు తెర మీది నుంచి తిప్పలేదు.

చూశారా మరి, రూపాయి మహిమ! అదే పన్నెండు రూపాయల దగ్గర ఆగిపోయి ఉంటే, ఆ సాయంత్రం అందరూ కళ్లొత్తుకుంటూ ఇళ్లకు పోవలసివచ్చేది.

బయటికి వస్తుంటే రవిచంద్ర కమలాకర్ భుజం మీద చెయ్యి వేశాడు. నిజమైన ప్రేమతోనే వేశాడు.

"మస్తు వర్కౌటయింది అన్నా. మీ నాయిన గిట్లాంటి జోకులు ఇంకేమన్న చెప్పిండా?"