రావల్కోల్‌లో ఆకలి లేని ఏడు రోజులు

1945 ఆగస్టు 20, సోమవారం ఉదయం తొమ్మిది గంటలకు రావల్కోల్‌లో ఆకలి ఆగిపోయింది. మళ్లీ 27వ తేదీ ఉదయం మొదలైంది. మధ్యలో ఏడు రోజులు ఆ ఊళ్లో పన్నెండు ఇళ్లవాళ్లు రెండు పూటలా వరి అన్నం తిన్నారు.

దీనికి కారణం వాన కాదు. రేషన్ పెరగలేదు. యుద్ధం ముగిసిందన్న వార్త అంతకు ముందు వారమే చేరింది గాని, దానితో ఎవరి కడుపూ నిండలేదు. కారణం పట్నం నుంచి వచ్చిన ఒక త్రాసు.

కాబట్టి పాఠకులకు తెలియజేసేదేమంటే, ఆకలికి మందు దొరికింది. దాని పేరు సర్వే. సర్వేలంటే విసుక్కునేవాళ్లు, ఫారం చూడగానే తలుపు వేసుకునేవాళ్లు ఈ నాలుగు ముక్కలు చదివి సిగ్గుపడాలని నా కోరిక.

పట్నంలో ఒక వైద్య కళాశాల ఉంది. అందులో పరిశోధన చేసే లెక్చరర్ డాక్టర్ ముర్తుజా. పల్లె జనం ఏం తింటారు, ఆ తిండిలో ఏ విటమిన్ ఎంత ఉంది అన్నది ఆయన తేల్చదలచిన సంగతి. పద్ధతి సులువు. ఊళ్లో పన్నెండు ఇళ్లు ఎంచుకుంటారు. ఆరుగురు విద్యార్థులకు తలా రెండు ఇళ్లు. పొయ్యి మీదికి పోయే ప్రతి వస్తువునూ ముందు తూస్తారు. తిన్నాక మిగిలింది తూస్తారు. తేడా ఎంతో అంత తిన్నట్టు. దాన్ని ఫారంలో రాస్తారు. ఫారంలో ముప్పై రెండు కాలమ్‌లు.

తిండి చాలడం లేదని తేలితే ఆ ఊరి పిల్లలకు ఆరు నెలలు సొరచేప నూనె ఉచితం. చాలుతోందని తేలితే లేదు. ఈ ముక్క మాత్రం ఊరివాళ్లకు చెప్పకూడదు. చెబితే జనం గింజలు దాచుకుని లేనివాళ్లలా కనబడతారని డాక్టర్ గారి ముందుజాగ్రత్త. శాస్త్రం అన్నాక ఎవరినీ నమ్మకూడదు కదా?

ఆ నూనె కావలసిన మనిషి ఊళ్లో ఉంది. పేరు ఎస్తేరు, వయసు ఏడు. రాళ్లు కొట్టే ఏలియా, సుందరమ్మల కూతురు. పొద్దు గూకితే ఆ పిల్లకు కళ్లు కనబడవు. దాన్ని రేచీకటి అంటారు. సొరచేప నూనె పడితే తగ్గుతుందని ఆ కళాశాల పాఠ్యపుస్తకంలోనే ఉంది. జూలైలో ఒక సాయంత్రం ఎస్తేరు నడుస్తూ నడుస్తూ పొయ్యిలో కాలు పెట్టింది. మచ్చ నేను చూశాను. కుడి పాదం, రెండంగుళాలు.

సర్వే విద్యార్థులు మేడ్చల్ స్టేషన్‌లో నాలుగున్నర రైలు అందుకోవాలి. అందుకని రాత్రి వంట సరుకు ముందే తూచి, మూడింటికల్లా బండి ఎక్కేవారు. ఎస్తేరు చూపు ఆరున్నరకు పోయేది. సర్వే, రేచీకటి ఏడు రోజులు ఒకే ఇంటికి వచ్చిపోయాయి గాని ఒకదానికొకటి ఎదురుపడలేదు.

మొదటి రోజు కొంత కంగారు పుట్టింది. సర్కారు వసూలు చేసే లెవీ ధాన్యం కోసం వచ్చారేమోనని నాలుగు ఇళ్ల తలుపులు మూసుకున్నాయి. ఏలియా పక్కింటి వహాబ్, మేకలు కొని అమ్మేవాడు, వెళ్లి త్రాసు చూసి వచ్చాడు.

"గా తక్కెడల రెండు సేర్లు గూడ పట్టయి. దాంతోని లెవీ తూస్తే కయామత్ దాక తూస్కుంటనే కూసోవాలె. వీళ్లు లెవీవాళ్లు గాదు, డాక్టరు పిల్లలు. తలుపులు తియ్యుండ్రి" అన్నాడు.

తలుపులు తెరుచుకున్నాయి. లెవీవాళ్లు కాకపోతే మరి వాళ్లెవరు? చుట్టాలు. రావల్కోల్‌లో మధ్య రకం లేదు.

చుట్టం వచ్చి పొయ్యి ముందు కూర్చున్నాక జొన్న గటక కెలికే ఇల్లాలు ఆ ఊళ్లో లేదు. ఆగస్టులో రావల్కోల్ తినేది గటకా, పచ్చిపులుసూ. ఆ ఏడు రోజుల్లో ఒక్క ఫారంలోనూ గటక లేదు. వరి అన్నం ఉంది, పప్పు ఉంది, కోడికూర ఉంది. సోమవారం పొద్దున ఊళ్లో కోళ్లు నలభై మూడు. ఆదివారం పొద్దుగూకే సరికి పదహారు. విద్యార్థులు ముద్ద ముట్టకూడదని నిబంధన, ముడితే లెక్క తప్పుతుంది. వండింది పారేయలేరు కాబట్టి ఇంటివాళ్లే తిన్నారు. చుట్టాలకు వండినదంతా తామే తినవలసి రావడం ఆ ఊరికి అదే మొదటిసారి. కొందరు మొహమాటపడ్డారు.

నెయ్యి సంగతి విడిగా చెప్పాలి. ఊళ్లో అప్పటికి నెయ్యి ఉన్నది ఒక్క ఇంట్లో. వహాబ్ భార్య ఫాతిమా దగ్గర ఒక ఇత్తడి గిన్నెలో నలభై తులాలు. సోమవారం అది వహాబ్ ఇంట్లో త్రాసు ఎక్కింది. తర్వాత పెరటి గోడ మీదుగా ఏలియా ఇంటికి వచ్చి మళ్లీ ఎక్కింది. అక్కడి నుంచి మూడో ఇంటికి పోయింది. భోజనాలయ్యాక మిగిలింది తూద్దామని చూస్తే ఏ ఇంట్లోనూ గిన్నె లేదు. పద్ధతి ప్రకారం మిగలనిది తిన్నట్టే. ఊళ్లో ఉన్నది ఒక గిన్నె, ఫారాల్లో ఉన్నవి పన్నెండు. ఆదివారం చివరి ఇంటి నుంచి గిన్నె ఫాతిమాకు తిరిగి వచ్చినప్పుడు అందులో ముప్పై ఆరు తులాలు ఉన్నాయి.

వహాబ్ ఇల్లు, ఏలియా ఇల్లు తూచినది తారాబాయి అనే ఆఖరు సంవత్సరం విద్యార్థిని. గిన్నె అంచున సొట్ట ఉంది. రెండో రోజు ఆమె ఆ సొట్టను గుర్తుపట్టి ఏలియా తల్లి ఎలీషమ్మను అడిగింది.

"అవ్వా, గీ గిన్నె ఇందాక పక్కింట్ల తూచిన గదా?"

"తూస్తివి బిడ్డా. అప్పుడు వాళ్ల నెయ్యి. ఇప్పుడు మా ఇంట్ల ఉన్నది, మా నెయ్యి."

"రోజూ గిట్లనే తింటరా మీరు?"

"రోజూ నువ్వు వస్తవా బిడ్డా?"

తారాబాయి కలం ఆపింది. ఆ జవాబుకు ముప్పై రెండు కాలమ్‌లలో చోటు లేదు.

చోటు లేనివి ఇంకా ఉన్నాయి. ఏలియా క్రైస్తవుడు, ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ప్రార్థన చేస్తాడు. మామూలుగా రెండు వాక్యాలు. ఆ వారం కోడికూర ముందు కూర్చుని చేసిన ప్రార్థన పదకొండు నిమిషాలు పట్టింది. విద్యార్థిని త్రాసు పట్టుకుని తల వంచుకుని నిలబడింది. ప్రార్థన బరువు ఎవరూ తూయలేదు.

శనివారం ఎలీషమ్మ తనంతట తానే ఎస్తేరు కళ్ల సంగతి చెప్పింది. తారాబాయి దాన్ని మార్జిన్‌లో రాసుకుంది. ఆదివారం డాక్టర్ ముర్తుజా పర్యవేక్షణకు వచ్చినప్పుడు ఆ మార్జిన్ చూపించింది.

"సర్, ఈ పిల్లకు రేచీకటి ఉందంటున్నరు."

"కళ్ల విభాగం వేరు తారాబాయీ. మనది తిండి."

"తిండి గూడ ఇది కాదు సర్. మనం వచ్చినమని వండుతున్నరు. మనం రాని రోజు ఏం తింటరో అది తూయాలె."

"మనం రాని రోజు ఎవరు తూస్తరు?"

న్యాయంగా చెప్పాలంటే డాక్టర్ గారు మంచి మనిషే. తూచింది రాయాలి, తూయనిది రాయకూడదు అన్న ఒక్క నియమం మీద ఇరవై ఏళ్లుగా ఉద్యోగం చేస్తున్నారు. ఆయనకు కూడా ఎలీషమ్మ కోడికూర వడ్డించబోయింది. ఆయన దాన్ని తూయించారు.

ఇప్పుడు చెప్పండి, ఏడు రోజుల్లో ఆకలిని మాయం చేసిన విధానం ఈ రాజ్యంలో ఇంకొకటి ఉందా? లేనప్పుడు దీన్ని పన్నెండు ఇళ్లకు పరిమితం చేయడం ఏం న్యాయం? ప్రతి పొయ్యి ముందూ ఒక వైద్య విద్యార్థిని త్రాసుతో శాశ్వతంగా కూర్చోబెట్టాలి. నా లెక్కన ముప్పై లక్షల మంది కావాలి. అంతమంది వైద్య విద్యార్థులైతే రోగులుగా ఎవరు మిగులుతారన్నది చిన్న చిక్కు. దాన్ని ఒక కమిటీ చూసుకుంటుంది.

త్రాసును వంటింట్లోనే ఎందుకు ఆపాలి? రేషన్ దుకాణం ముందు ఒక విద్యార్థిని కూర్చోబెట్టండి, బియ్యంలో రాళ్లు ఆ రోజు ఏరి ఉంటాయి. బళ్లో కూర్చోబెట్టండి, పంతులు పొద్దున్నే వస్తాడు. కచేరీలో కూర్చోబెట్టండి, గుమాస్తా కుర్చీలో గుమాస్తా కనబడతాడు! ఆస్పత్రిలో తనిఖీ రోజున దుప్పట్లు పుట్టుకురావడం మీరు చూడలేదా? దుప్పట్లు లేవని ఎవరన్నారు? తనిఖీలు లేవు, అంతే.

నివేదిక అక్టోబరు మూడున అచ్చయింది. పద్నాలుగు పేజీలు. రావల్కోల్‌లో మనిషి రోజుకు రెండున్నర ఔన్సుల నెయ్యి తింటున్నాడని ఆరో పేజీలో ఉంది. ఆ లెక్కన ఆ ఊరు జాగీర్దార్లను దాటిపోయింది. పిల్లల్లో విటమిన్ లోపం ఉండే అవకాశం లేదని తొమ్మిదో పేజీలో ఉంది. టైపు చేసినవారు మార్జిన్లు చూడలేదు. నూనె అవసరం లేదని తేలింది.

అక్టోబరు 15న ఎలీషమ్మ మనవరాలిని తీసుకుని రైల్లో పట్నం వచ్చింది. కళాశాల ఆస్పత్రి బయటి రోగుల గదిలో డ్యూటీ డాక్టరు ఊరు అడిగాడు. రావల్కోల్ అని చెప్పింది. ఆయన సొరుగులోంచి నివేదిక తీసి చూశాడు.

"రావల్కోల్‌లో ఈ జబ్బు లేదమ్మా."

"మరి గీ పిల్లకున్నది ఏంది బిడ్డా?"

"ఏదైనా కావచ్చు. రేచీకటి మాత్రం కాదు."

"పొద్దూకినంక ఉంటవా? నీ కండ్లతోనే చూద్దువు."

ఆయన ఉండలేదు. డ్యూటీ రెండింటి వరకే.

అయితే నిబంధన చదివితే దారి కనబడుతుంది. నిల్వ తక్కువ కాబట్టి, లోపం లేదని సర్వేలో తేలిన ఊళ్లవారికి నూనె ఇవ్వరు. సర్వే జరగని ఊళ్లవారికి రోగం చూసి ఇవ్వవచ్చు. ఇది గోడ మీద అంటించి ఉంది. వరసలో ఉన్న ఎవరో ఎలీషమ్మకు చదివి చెప్పారు. మధ్యాహ్నం డాక్టరు మారాక ఆమె మళ్లీ వరసలో నిలబడింది. ఊరు అడిగితే షామీర్‌పేట అంది. ఎనిమిది ఔన్సుల సీసా ఇచ్చారు. పూటకో చెంచా, నెలకు సరిపోతుంది.

తొమ్మిదో రోజు దీపాలు పెట్టాక ఎస్తేరు గోడ పట్టుకోకుండా పెరట్లోకి వెళ్లి వచ్చింది. సుందరమ్మ ఇంకోసారి వెళ్లి రమ్మంది. పిల్ల మళ్లీ వెళ్లి వచ్చింది.

నెల తిరిగేసరికి రావల్కోల్ తల్లులందరూ షామీర్‌పేట వాళ్లయ్యారు. వాళ్లలో ఒక్కరూ ఆ ఊరు చూసినవారు కారు. ఆస్పత్రి రిజిస్టర్‌లో నవంబరు ఆఖరుకు షామీర్‌పేట రేచీకటి కేసులు ముప్పై ఎనిమిది. ముర్తుజా గారు మ్యాపు మీద షామీర్‌పేట దగ్గర ఎర్ర గుండుసూది గుచ్చారు. డిసెంబరు 3న త్రాసు అక్కడికి బయల్దేరింది.

షామీర్‌పేటలో మొదటి ఇల్లు బాలమణి అనే ఆమెది. ముప్పై ఎనిమిది మంది సంగతి అడిగితే, "మా ఊర్ల గంతమంది యాడున్నరు సారూ? మాకైతే ఎరుక లేదు. ముందుగాల కూసోండ్రి, చేపలు తెస్తున్నరు" అంది. ఆ ఊరికి పెద్ద చెరువుంది. ఏడు రోజులూ చేపలే. జనవరి 21న నివేదిక అచ్చయింది. షామీర్‌పేటలోనూ లోపం లేదు.

షామీర్‌పేటలో నిజంగా రేచీకటి ఉన్న పిల్లలు నలుగురని నేను ఇంటింటికీ తిరిగి తెలుసుకున్నాను. ఆ ముప్పై ఎనిమిది మందిలో వాళ్లు లేరు. వాళ్ల తల్లులు ఎన్నడూ పట్నం వెళ్లలేదు. ఇప్పుడు వెళ్లినా సీసా ఇవ్వరు.

జనవరి 24, గురువారం ఎలీషమ్మ నాలుగో సీసా కోసం ఆస్పత్రికి వచ్చింది. మూడోది అయిపోయి అప్పటికి ఆరు రోజులు. బల్ల దగ్గర పేర్లు రాసే పని ఆ వారం తారాబాయికి వేశారు. ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టారు. బల్ల మీద షామీర్‌పేట నివేదిక ఉంది.

"పిల్ల కండ్లు ఎట్లున్నయి అవ్వా?"

"సీసా ఉన్నన్ని రోజులు మంచిగుంటయి. నిన్న మల్ల దర్వాజకు గుద్దుకున్నది."

"ఏ ఊరని రాయాలె?"

"నువ్వే చెప్పు బిడ్డా. ఇంకా యాడ తూయలే మీరు?"

తారాబాయి సర్వే జాబితా తీసి చూసింది. బహదూర్‌పల్లికి ఏప్రిల్ తేదీ వేసి ఉంది.

"బహదూర్‌పల్లి" అంది.

"అయితే గదే" అంది ఎలీషమ్మ.

తారాబాయి రిజిస్టర్‌లో బహదూర్‌పల్లి అని రాసి సీసా ఇచ్చింది.