ఏటికి కట్టిన తెర

నది ఒడ్డున పార్కు కట్టినవాళ్ళు మనకు చేసిన మేళ్ళన్నిటిలోకీ పెద్ద మేలు, నది కనబడకుండా చేయడం. ఈ మాట వినగానే కొందరు ముక్కు చిట్లిస్తారు. చిట్లించనివ్వండి. ముక్కున్నది అందుకే.

వెనకటి రోజుల్లో ఏటి దాకా పోవడమంటే ఎంత అవస్థ! బురదలో చెప్పు దిగబడేది, ముల్లు గుచ్చుకునేది, పీత పలకరించేది. ఇంతా చేసి ఒడ్డుకి చేరితే అక్కడున్నదేమిటి? నీళ్ళు. ఆ నీళ్ళకైనా నిలకడ ఉందా? పొద్దున చూసినవి సాయంత్రానికి ఉండవు. అంత స్థిరం లేనివాటి కోసం బుద్ధున్నవాడెవడైనా చెప్పులరగదీసుకుంటాడా?

ఇప్పుడా బాధ లేదు. నేచర్ ట్రెయిల్ అని ఒక నడకదారి వేశారు. అది ఎంత పొట్టిదంటే, గేటు దగ్గర మొదలెట్టిన ఆవులింత ముగిసేలోపు కొసకి చేరిపోతాం. నేలంతా టైల్స్. పొడుగునా స్టీలు రెయిలింగు, గడ్డిపరక కూడా మనల్ని తాకే ధైర్యం చేయదు. ప్రతి చెట్టు మెడలోనూ ఒక బోర్డు: 'ఇది చెట్టు. తాకరాదు.' పాపం, ఆ చెట్లు ఇన్నాళ్ళూ తామెవరో తెలియక లోలోపల ఎంత కుమిలిపోయాయో!

స్తంభాలకి స్పీకర్లు పెట్టి పిట్టల కూతలు వేస్తున్నారు. అసలు పిట్టలు అవి విని, సిగ్గుపడి, తమ పాట దిద్దుకున్నాయి. ఒక గోరింకైతే చదువంతా స్పీకరు దగ్గరే పూర్తిచేసి, తెల్లవారగానే కొమ్మెక్కి "మీ వాహనాలను గేటు బయటే నిలపండి" అని కూస్తోంది. నమ్మకపోతే ఆ గోరింకనే అడగండి.

ఇక ట్రెయిల్ కొసన పాత రాతిమెట్లు నీళ్ళలోకి దిగే చోట, సరిగ్గా నది కనబడాల్సిన ఆ ఒక్క సందులో, రెండు గుంజలు పాతి పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మీద నది బొమ్మ. అసలు నదికీ దీనికీ పోలికా? అసలుది చిక్కటి టీ రంగు. ఇది నీలం ఇంకు రంగు. వెనకాల మంచుకొండ కూడా ఉంది. మన చుట్టుపక్కల గుట్టే లేదు, ఇక మంచు సంగతి దేవుడెరుగు. జనం దాని ముందు సెల్ఫీ దిగి, నది చూసేశామని తృప్తిగా ఇంటికి పోతారు. తెర వెనక నది తన దారిన తాను, ఎవరి ఫొటోకీ అడ్డం రాకుండా పోతూ ఉంటుంది.

ఇంత సుఖం కూడా గిట్టనివాళ్ళు ఉన్నారు. టైలర్ మాస్టారి సంగతే చూడండి.

మాస్టారి భార్య బాత్రూంలో జారిపడి చీలమండ విరగ్గొట్టుకుంది. పిండికట్టు లోపల కాలు దురద పెట్టినప్పుడల్లా ఆవిడకి ఒకటే ధ్యాస. పెళ్ళయిన కొత్తలో దుకాణం మూశాక ఇద్దరూ ఆ రాతిమెట్ల మీద, కాళ్ళు నీళ్ళలో వేలాడేసి కూర్చునేవాళ్ళు. ఆ చల్లదనం ఇంకొక్కసారి కావాలని ఆవిడ కోరిక.

"కట్టు విప్పిన మర్నాడే తీసుకెళ్తా," అన్నాడు మాస్టారు.

"ఇది గిరాకీకి చెప్పే మర్నాడా, పెళ్ళానికి చెప్పే మర్నాడా?"

మాస్టారు నొచ్చుకున్నాడు. ఆయన 'రేపు రండి' నమ్మి ఒక పెళ్ళికొడుకు అరువు చొక్కాతో పెళ్ళి చేసుకున్నాడనీ, కుట్టమన్న చొక్కా ఆ పెళ్ళికొడుకు కొడుకు పెళ్ళికి అందిందనీ చెప్పుకుంటారు. అందులో సగం అబద్ధం. చొక్కా మాత్రం కొడుక్కి అతికినట్టు కుదిరింది. జీవితంలో ఈ ఒక్క మాటైనా నిలబెట్టుకోవాలని మాస్టారికి పంతం పట్టుకుంది.

కట్టు విప్పిన మర్నాడు పొద్దున్నే ఇద్దరూ గేటు దగ్గరికి చేరారు.

"ఎక్కడికి, పెద్దాయనా?" అన్నాడు సెక్యూరిటీ గార్డు.

"ఏటికి."

"ఏటికి కాదు, ట్రెయిల్‌కి. ఏరు చివర్లో వస్తుంది. చూసుకుని వెనక్కొచ్చేయండి."

"నీళ్ళలో కాళ్ళు పెట్టనిస్తారా బాబూ?" అంది ఆవిడ.

"నీళ్ళా? క్యాంటీన్‌లో బాటిళ్ళున్నాయి కదమ్మా."

భర్త భుజం పట్టుకుని ఆవిడ మెల్లగా ఫ్లెక్సీ దాకా నడిచింది. నీలం నీళ్ళనీ మంచుకొండనీ చాలాసేపు చూసింది. తెర వెనక నీటి చప్పుడు వినబడుతూనే ఉంది.

"పదండి, ఇంటికి పోదాం," అంది చివరికి. "మీ తప్పేం లేదులెండి. మీరు మాట మీదే ఉన్నారు. ఏరే 'రేపు రండి' అంటోంది."

ఆ మాట మాస్టారికి సూదిలా దిగింది. అప్పటిదాకా ఫ్లెక్సీని బొమ్మగా చూసినవాడు, అప్పుడు గుడ్డగా చూశాడు. రెండు ముక్కలు కలిపి నిలువునా కుట్టారు.

"కచ్చా కుట్టు," అని గొణిగాడు. "వీడికి సూది ఎవరు పట్టించారో గానీ, వాణ్ణి అనాలి."

ఆయన కాలరు మడతలో సూదీ దారం, జేబులో చిన్న కత్తెర ఎప్పుడూ ఉంటాయి. మనిషి పట్టేంత మేర కుట్టు విప్పాడు. మంచుకొండ రెండుగా చీలి, మధ్యలోంచి టీ రంగు నీళ్ళు తొంగిచూశాయి. ఆవిడ అందులోంచి దూరి, మెట్టు మీద కూర్చుని, పాదాలు రెండూ నీళ్ళలో పెట్టింది.

"చల్లగా ఉందండీ," అంది. "వచ్చి కూర్చోండి."

"ఈ అంచు మడిచి వస్తున్నా."

"అయితే రేపు కూర్చుంటారన్నమాట."

అక్కడే మాస్టారు తప్పు చేశాడు. చింపి వదిలేసి ఉంటే గాలికి చిరిగిందనుకునేవారు. కానీ అంచు కుట్టకుండా వదలడానికి ఆ చేతులకి అలవాటేది? అటూ ఇటూ మడతపెట్టి, బొత్తాల పట్టీ అంత పొందిగ్గా కుట్టి, అప్పుడు వెళ్ళి భార్య పక్కన కూర్చున్నాడు. అంత నీటుగా ఉన్నది ఎవరో పర్మిషన్‌తో పెట్టిందే అయ్యుంటుందని జనం నమ్మారు. ఒకరి వెనక ఒకరు దూరడం మొదలెట్టారు. ఎవరో ఆవిణ్ణి ఫొటో తీశారు. గార్డు పరిగెత్తుకొచ్చి, అంచు మడతని వేలితో తడిమి చూసి, "లైన్లో రండి, లైన్లో," అన్నాడు. ఆ ఫొటో ఆ పూటే ఊరందరి ఫోన్లూ చుట్టి పార్కు మేనేజరు ఫోను చేరింది.

వారం తిరక్కుండా దంపతులు మళ్ళీ వెళ్ళారు. ప్రజల అభిరుచి గమనించిన మేనేజరు కొత్త ఫ్లెక్సీ కట్టించాడు. అదే నీలం నీళ్ళు, అదే మంచుకొండ. మధ్యలో మెట్టు మీద కూర్చుని, పాదాలు నీళ్ళలో పెట్టుకుని నవ్వుతూ మాస్టారి భార్య! పక్కన మాస్టారి మోచేయి కూడా కాస్త పడింది. కింద పెద్ద అక్షరాలతో 'ప్రకృతి ఒడిలో' అని రాశారు.

మాస్టారు ఈ గుంజ నుంచి ఆ గుంజ దాకా చేత్తో తడిమాడు. ఎక్కడా కుట్టు లేదు.

"ఒకటే పీసు," అన్నాడు.

కత్తెర తీశాడు. సరిగ్గా మెట్లకి ఎదురుగా ఉన్నది ఆవిడ బొమ్మే. పై నుంచి పెడితే మెడ, కింద నుంచి పెడితే పాదాలు. కత్తెర మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

ఇంత భాగ్యం ఎవరికి పడుతుంది, చెప్పండి? మామూలు మనుషుల కాళ్ళు తడిసి, గట్టెక్కగానే ఆరిపోతాయి. ఈవిడ కాళ్ళు రాత్రింబవళ్ళు నీళ్ళలోనే ఉంటాయి. జలుబు చేయదు, చీలమండ వాయదు, జారిపడే భయం లేదు. ఇంతకన్నా ఏ పార్కు ఏం చేయగలదు?

ఆవిడ మాత్రం ఆ బొమ్మ ముందే నిలబడి నీటి చప్పుడు వింటోంది. వెనక నుంచి కూలింగ్ గ్లాసుల మనిషొకాయన ఫోను ఎత్తి పట్టుకుని, "అమ్మా, కాస్త పక్కకి జరుగుతారా? ఆవిడకి అడ్డం వస్తున్నారు," అన్నాడు.

"నేను జరుగుతాలే బాబూ," అందావిడ. "నువ్వు ఆవిణ్ణి కూడా కాస్త జరగమను. నాకు ఏటికి అడ్డంగా కూర్చుంది."