రిబ్బను కట్టిన బండి

ఎలుకల నిర్మూలన గురించి ఊరూరా చాటే ప్రచార రథం సిద్ధమైందనీ, మంత్రిగారు రిబ్బను కత్తిరించడమే తరువాయి అనీ ప్రాజెక్టు అధికారి కరుణాకర్ పత్రికలకు ప్రకటించి ఎనిమిది నెలలైంది. ఆ ఎనిమిది నెలలూ రథమనే ఆ కారు గూడూరు దగ్గర వడ్ల గోదాం పక్క షెడ్డులో, బానెట్‌కు అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టుకుని, పీటల మీద పెళ్లికూతురిలా కదలకుండా కూర్చుంది.

డ్రైవర్ బాల్‌సింగ్‌ది ఔట్‌సోర్సింగ్ కొలువు. రథం రోడ్డెక్కిన రోజే పక్కా ఆర్డరు ఇస్తామన్నారు. ఎక్కకపోతే తండాకు పోయి మళ్లీ మిర్చి ఏరడమే. అందుకే బానెట్ కింద కిచకిచ వినపడగానే చెవి ఆనించి విన్నాడు. ఎలుకలే.

మంత్రిగారి తేదీ వచ్చినప్పుడల్లా కరుణాకర్ సారు ముందురోజే వాహనపూజ చేయించేవారు. టైర్ల కింద నిమ్మకాయలు, బానెట్ మీద కొబ్బరి చిప్పలు, అటుకులు, బెల్లం. తేదీ వాయిదా పడేది. ప్రారంభం కాకముందు ప్రసాదం తీస్తే అరిష్టమని సారు తీయనిచ్చేవారు కాదు. అయిదు వాయిదాలు, అయిదు పూజలు. ఎలుకలకు ఏ లోటూ రాలేదు.

బానెట్ తెరుస్తానని బాల్‌సింగ్ బతిమాలాడు.

"రిబ్బను తెంపుడు మంత్రిగారి పని. నీకు పరేషాన్ ఉంటే కాయితం పెట్టు" అన్నారు సారు.

మూడుసార్లు పెట్టాడు. మూడింటి మీదా సారు ‘చూశాను’ అని రాసి సంతకం చేసి, బండి కాయితాలు బండిలోనే ఉండాలన్న నియమం ప్రకారం డ్యాష్‌బోర్డు అరలో పెట్టించారు. బాల్‌సింగ్ భార్య మంగ్లీ ఇంటి పిల్లిని పంపితే, పథకంలో పిల్లికి ప్రొవిజన్ లేదని తిప్పి పంపారు. ఇంత నిక్కచ్చి అధికారి దొరకడం మండలం అదృష్టం.

ఆరోసారి మంత్రిగారు నిజంగానే వచ్చారు. రిబ్బను తెగింది, చప్పట్లు మోగాయి. బాల్‌సింగ్ తమ తండా దేవుడు సేవాలాల్ మహరాజ్‌ను తలుచుకుని తాళం తిప్పాడు. బండి కిక్కురుమనలేదు. కార్యకర్తలు పది అడుగులు నెట్టారు, ఫొటోలు పడ్డాయి, రథం కదిలిందని ప్రకటించి మంత్రిగారు వెళ్లిపోయారు.

అప్పుడు బానెట్ ఎత్తారు. వైర్లన్నీ తెగి ఉన్నాయి. మధ్యలో కాగితం ముక్కల గూడు, అందులో ఎలుక పిల్లలు.

"ముందుగల్ల కాయితం ఎందుకు పెట్టలే? రేపటి సంది రాకు" అన్నారు సారు.

బాల్‌సింగ్‌కు ఒళ్లు మండింది. గూట్లో చెయ్యి పెట్టి, పిల్లల్ని పక్కకు జరిపి, ఓ ముక్క లాగాడు.

"గిది నేను పెట్టిందే సార్. కింద మీ సంతకం ఉన్నది."

సారు కళ్లద్దాలు తగిలించుకుని శ్రద్ధగా చదివారు.

"గిది సగమే ఉన్నది కదా. మిగతా సగం తెచ్చి జతచెయ్యి, చూద్దాం."

బాల్‌సింగ్ మళ్లీ బానెట్ కిందికి వంగాడు.