వాగు పేరు మారింది

ఒక పెద్ద అడవిలో, వాగు దాటింపు శాఖలో పనిచేసే ఉడుత చారుమతి ఇంతవరకూ ఎవరితోనూ పైకి అనని మాట ఒకటుంది. ఒంటరిగా కూర్చుంటే ఆమె బుర్రలో ఒక్క ఆలోచనా పుట్టదు. ఎదురుగా ఎవరో ఒకరు కూర్చుని "ఇది పనికిరాదు" అంటూ ఉండాలి.

ఆ పని అదే శాఖలోని వడ్రంగిపిట్ట టకటకయ్య చేసేవాడు. ఆమె ఏదైనా చెబితే ముక్కుతో కొమ్మ మీద రెండు దెబ్బలు వేసేవాడు. పనికిరాదని అర్థం. ఆమె ఉడుక్కుని ఇంకోటి చెప్పేది. ఒక్క దెబ్బే పడిందంటే "సరే, తర్వాత?" అని. పోయినేడు రెల్లు తెప్ప అలాగే పుట్టింది. ఎవరు కనిపెట్టారని అడిగితే ఇద్దరూ "ఏమో" అన్నారు.

తెప్ప వరదకి కొట్టుకుపోయింది. ఆ "ఏమో" మాత్రం కొత్త అధికారి నక్క జంబుకరావు గారి చెవిన పడింది. పొరుగడవిలో శిక్షణ పొంది వచ్చారాయన.

"ఏమో అంటే కుదరదమ్మా. పోటీ ఉంటేనే బుర్రకి పదును. వానల్లోపు వాగు దాటే కొత్త ఉపాయం ఎవరు తెస్తే వాళ్లకి 'మేటి బుర్ర' బిరుదు. పై కొమ్మ మీద ఆసనం."

"అద్భుతం సార్!" అంది ఊసరవెల్లి, ఆయన తోక రంగులోకి మారుతూ.

చారుమతికి బిరుదు కన్నా వాన గురించే దిగులు. అవతలి ఒడ్డున అక్క నిండు చూలాలు. వాగు పొంగితే గింజలన్నీ ఇవతల, పసివాళ్లు అవతల. అయినా పై కొమ్మ మీద తానెలా ఉంటుందో ఒకసారి ఊహించుకుంది. బాగానే ఉంది.

ఇక ఇద్దరి మధ్యా మాటల్లేవు. టకటకయ్య ఏ చెట్టు తొలుస్తున్నాడో ఎవరికీ వినపడకుండా ముక్కుకి బూరుగుదూది చుట్టుకున్నాడు. చారుమతి తీగలు పేని మోకులు చేసి, ఎవరి కంటా పడకుండా పాతిపెట్టింది. ఉడుత కదా, ఎక్కడ పాతిందో మరిచిపోయింది. ఒక్క మోకు మిగిలింది.

పోటీ రోజుకి ఆకాశం నల్లబడింది. చారుమతి మోకుని చెట్టుకి చుట్టింది. నున్నటి బెరడు. మోకు జర్రున జారి వాగులో పడింది. పరుగున వెళ్లి లాక్కుంది.

"ఎక్కడ కట్టాలో ఆలోచించలేదా అమ్మాయ్?" అన్నారు జంబుకరావు గారు.

టకటకయ్య రెండు ఒడ్డుల చెట్లకీ చక్కని బెజ్జాలు తొలిచి చూపించాడు.

"బావున్నాయి. వీటిలో ఏం దూరుస్తావయ్యా?"

"అదీ... ఏదో ఒకటి దొరక్కపోదు కదండీ."

చారుమతి బెజ్జాల వంక చూసింది. టకటకయ్య తడి మోకు వంక చూశాడు. ఇద్దరూ గబుక్కున తలలు తిప్పుకున్నారు. ఆ తర్వాత టకటకయ్య ఎగిరిపోయాడు.

ఊసరవెల్లి గొంతు సవరించుకుంది. "సార్, వాగని పిలవబట్టే కదా ఈ బాధంతా? దాని పేరు 'వంతెన' అని మార్చేద్దాం. ఇక అడవిలో వంతెన లేదనే నోరుండదు."

చప్పట్లు మారుమోగాయి. బిరుదు ఊసరవెల్లికే.

"వచ్చే ఏడు ఐకమత్య పథకం!" ప్రకటించారు జంబుకరావు గారు. "అందరూ కలిసి ఒకే ఆలోచన చేయాలి. కాదన్నవాళ్ల మీద చర్య ఉంటుంది."

చారుమతి ముక్కు మీద మొదటి చినుకు పడింది. ఎగువ వానకి వాగు అప్పటికే పొంగుతోంది. అవతలి ఒడ్డు నుంచి అక్క కేక వినిపించింది.

"చారూ! నొప్పులొస్తున్నాయే! ఎలా వస్తావే?"

"వంతెన మీద నుంచి వెళ్లమనండి," అంది పై కొమ్మ నుంచి ఊసరవెల్లి.

శాఖవారు అందరికీ ఇచ్చిన ఫోను, హాజరు వేయడానికి తప్ప ఎన్నడూ వాడనిది, చారుమతి చేతిలోకి తీసుకుంది. ఇన్నాళ్లు మాట్లాడనిదానివి ఇప్పుడెందుకు అంటాడు టకటకయ్య. మోకు పొట్టిదంటాడు, ముడి వదులంటాడు. అననీ. ఆ రెండు దెబ్బలు వినక ఎన్నాళ్లయిందో. అతనికి ఫోను చేసేద్దామనే నిశ్చయించుకుంది.

ఇందువల్ల తేలిందేమిటంటే, బిరుదు కావాలనుకున్నవాళ్లు ఒంటరిగా ఆలోచించుకోవాలి. వాగు దాటాలనుకున్నవాళ్లు మాత్రం తమని కాదనేవాణ్ణి వెతుక్కోక తప్పదు.